గాజు రంగు

ఆ రోజుల్లో బెజవాడ ఆడవాళ్లందరి చేతికీ ఆరోగ్య గాజు ఉండేది. ఒళ్లు బాగుంటే పచ్చ, చెడితే ఎరుపు; ఏ జబ్బో దాని మీదే అక్షరాల్లో కనిపించేది.

కూర తరుగుతున్న వకుళ గాజు ఉన్నట్టుండి ఎర్రబడింది. పడక సంబంధంతో అంటుకునే పాపిలోమా వైరస్ ఒంట్లో చేరి, కణంలోని సొంత ప్రోటీను చేతే క్యాన్సర్ రాకుండా కాపలా కాసే ప్రోటీనును చంపిస్తోందని, ఆపకపోతే క్యాన్సరేనని దానర్థం.

"ఎవడంటించాడే నీకు?" అంది అత్త రాజ్యలక్ష్మి.

"మీ అబ్బాయి తప్ప నాకెవరున్నారత్తయ్యా? ఆయన చేతికీ ఒక్కసారి తొడగండి, తెలిసిపోతుంది."

భర్త ఫణీంద్ర చేతులు వెనక్కి పెట్టుకున్నాడు.

"మగాడు గాజులు తొడుక్కుంటాడటే? ముందు బట్టలు సర్దుకుని బయటికి నడు!" అంది అత్త.

పెట్టె సర్దుకుంటున్న వకుళకి హాల్లోంచి అత్త ఫోను మాటలు వినిపించాయి.

"పిల్ల గాజు పచ్చగా ఉంటే చాలు వదినా. మావాడికేం, బంగారం!"