ముక్కుకి గుడ్డ

కట్టు విప్పగానే గదంతా కుళ్ళు వాసన గుప్పుమంది.

కొడుకు కుడిచేతి నడిమివేలి మొదట్లో కణుపు నిమ్మకాయంత ఉబ్బి ఉంది. దాని మీద చిన్న గాటు. కాస్త నొక్కితే చాలు, పచ్చటి చీము జిగురుజిగురుగా కారుతోంది. కోడలు గోరువెచ్చని నీళ్ళతో తుడుస్తోంది. ముక్కూ నోరూ కలిపి గుడ్డ కట్టుకుని మరీ తుడుస్తోంది.

అత్తగారు మొహం చిట్లించింది. పుండుని చూసి కాదు, ఆ గుడ్డని చూసి. కొడుక్కి బాగాలేదని తెలిసి పరుగెత్తుకొచ్చింది మొదలు ఇదే వరస. కోడలు ఆ గుడ్డ తియ్యదు. నోరు విప్పి నాలుగు మాటలు మాట్లాడదు. వంటింట్లో గోడవైపు తిరిగి ఇంత జావ తాగేసి వస్తుంది.

"మొగుడి పుండు అంత కంపుగా ఉందా తల్లీ? అన్నం కూడా సయించట్లేదేం! వాడి ఉచ్చగుడ్డలు ఉతికిన చేతులివి. నేనెప్పుడైనా ముక్కు మూసుకున్నానా?"

కోడలు కొత్త కట్టు కట్టడం మొదలుపెట్టింది.

"పోనీలే అమ్మా," కొడుకు నసిగాడు.

"నువ్వూరుకోరా! నీ మంచితనమే నీ కొంప ముంచుతోంది. టైలరువి, కత్తెర పట్టే వేలు పోతే ఏం చేసుకు బతుకుతావురా?"

కొట్టు షట్టరు వేలి మీద పడిందని అతను అందరికీ చెప్పాడు. ఆ దెబ్బకనే మందులిచ్చారు. వాపు మాత్రం మణికట్టు దాకా పాకింది.

చివరికి పెద్దాసుపత్రి డాక్టరమ్మ చీము పరీక్ష చేయించింది. ముగ్గురినీ ఎదురుగా కూర్చోబెట్టింది.

"చీము కీలు లోపలికి దిగిపోయింది. ఇది షట్టరు దెబ్బ కాదు. ఇందులో ఉన్నవి మనిషి నోట్లో ఉండే క్రిములు. మందు మార్చి, కీలు కోసి కడగాలి. అప్పటికీ వేలు దక్కుతుందో లేదో చెప్పలేను. ముందే నిజం చెప్పుంటే ఇంతదాకా వచ్చేది కాదు."

"ఛీ ఛీ! ఎవరు కరిచార్రా నిన్ను?" అత్తగారు లేచి నిలబడింది. "ఆ నోట్లో పురుగులు పడ!"

"కరవలేదు పెద్దమ్మా. పిడికిలి బిగించి మూతి మీద గుద్దితే, ఎదుటివాళ్ళ పన్ను ఇలాగే కణుపులో దిగుతుంది."

కొడుకు కట్టు ఉన్న చేతిని ఒళ్ళోకి లాక్కున్నాడు.

"మావాడా? చీమనైనా నలపడమ్మా! ఏమే, బెల్లం కొట్టిన రాయిలా కూర్చున్నావేం? ఆ దిక్కుమాలిన గుడ్డ తీసి చెప్పు, నీ మొగుడు ఎవరినైనా కొట్టే మనిషేనా?"

కోడలు గుడ్డ విప్పింది. చీలిన పైపెదవి వెనక ముందు పళ్ళు రెండూ లేవు.