అంగారకుడి మీద ఆకుపచ్చ గాజులు

“ఛీ! మళ్ల పెట్టు.”

పొద్దుటి నుంచి పంచాక్షరి ఆ మాట అనడం అది పదకొండోసారి. నిరోష ల్యాప్‌టాప్‌లో సినిమాను మళ్లీ వెనక్కి తిప్పింది.

అది నలభై ఏళ్ల కిందటి సైన్సు సినిమా. అందులోని అంగారక గ్రహమంతా ఇక్కడికి దగ్గరి నాగల్‌గిద్ద ఊరి ఎర్రమట్టి చెలకల్లోనే తీశారు. తెర మీది మాయలన్నీ పంచాక్షరి చేతి పనే. ఇన్నేళ్లకు ఆ పాత రీలును శుభ్రం చేసి మళ్లీ విడుదల చేస్తున్నారు. అప్పుడు వేయని ఆయన పేరు ఇప్పుడు తెర మీద వేస్తామన్నారు. ఏ తప్పులు చెరపాలో అడగడానికి, ఆ శుభ్రం చేసే పనిలో ఉన్న నిరోష హైదరాబాద్ నుంచి నారాయణఖేడ్‌లోని ఆయన ఇంటికి వచ్చింది. రేపు సినిమాను కంపెనీకి పంపాలి.

వచ్చి చూస్తే ఏముంది? ఇల్లంతా బూజు. ఈగలు ముసిరే చాయ్ గ్లాసులు. గోడకు ఉత్త మేకు, దానికి వాడిన బంతిపూల దండ. పటం ఎప్పుడో ఊడిపోయి ఉంటుంది, దండ తీసి పారేసే ఓపిక కూడా లేదు ఈ ముసలాయనకు అనుకుంది. ఆ మంచం మీద కూర్చోవాలంటేనే ఆమెకు ఒళ్లు జలదరించింది.

ఆయనకేమో తన సినిమా చూస్తే రోత.

“గా ఓడ జూడు. రెండు రొట్టెల తట్టలు బోర్లిచ్చి అతికిచ్చిన. థూ! సుక్కలంటవా, నల్లబట్టకు దబ్బనంతోని పొక్కలు పొడిసి ఎన్క బల్బు పెట్టిన. గా రాక్షసి నోట్లకెళ్లి కారేది బెండకాయ జిగురు. మూడో దినానికి మురిగి ఒకటే కంపు. వేసం కట్టినోడు కక్కుకున్నడు.”

“కథ మాత్రం మంచిగున్నది తాతా. నీళ్లు ఎండిపోయిన గ్రహమోళ్లు మన బాయి నీళ్ల కోసం వచ్చుడు. ఇయ్యాలటికి గూడ కొత్తగనే అనిపిస్తది.”

“కథ మంచిగుంటే సరిపోతదా? ఓడను ఏలాడగట్టిన దారం కనవడుతున్నది గదా!”

నిరోష దారం చెరిపింది. తట్టల అతుకు చెరిపింది. బల్బు వెలుగు తగ్గించింది. నలభై రెండో నిమిషం దగ్గర ఆగింది.

ఓడ ఎర్రమట్టి మీద దిగుతోంది. తెర మూలన ఒక చెయ్యి దారం లాగుతోంది. మణికట్టుకు ఆకుపచ్చ గాజులు. పొద్దుటి నుంచి ఆయన తిప్పించి తిప్పించి చూసింది ఈ ముక్కనే.

“ఎవలది తాతా గీ చెయ్యి?”

“ఎవతో మొండిది. షూటింగుల గాజులు తియ్యవే అంటే, మొగడు బతికుండంగ తియ్యనన్నది. పైన నల్లగుడ్డ సుట్టుకున్నది. గా గుడ్డ గూడ జారె. ఛీ! అంగారకుడి మీద గాజులేంది?”

“ఇగ తీసేస్త.” నిరోష మీట మీద వేలు పెట్టింది.

“తియ్యకు.”

ఆమె తలెత్తి చూసింది. “ఇది ఉంచితే జనం నవ్వుతరు తాతా. ఇంత పెద్ద తప్పు కనవడ్డంక కంపెనీవాళ్లు నీ పేరు వెయ్యరు.”

“నా పేరు తియ్యి. చెయ్యి ఉంచు.”

“పేరు కోసం నలభై ఏండ్లు ఎదురుచూస్తివి గదా!”

“ఛీ, నస పెట్టకు బిడ్డా. గా ఒక్క బొమ్మ కాగితం మీద తీసిచ్చి పో.”

ముసలాయనకు మతి పోయిందనుకుంది నిరోష. పేరు తీసేసింది. విసుక్కుంటూనే బజారులో ఆ బొమ్మను ఫొటోగా అచ్చు వేయించి, తెచ్చి ఆయన చేతిలో పెట్టి బస్సెక్కింది.

పంచాక్షరి ఆ ఫొటోను ఉత్త మేకుకు తగిలించి, దండ సరిచేసి, ఫొటో దిగితే ఆయుష్షు తగ్గుతుందని జన్మంతా కెమెరాకు చిక్కకుండానే చనిపోయిన భార్యతో అన్నాడు: “చిక్కినవ్ కదనే గురమ్మా!”