రెండో రకం

క్రీస్తురాజు మిరపకాయను చేతిలోకి తీసుకున్నాడంటే నెల్లూరు జిల్లా కోట ఊరి చుట్టుపక్కల రైతులకు ఊపిరి ఆగిపోయేది.

ఆయన తొందరపడేవాడు కాదు. కాయను వేళ్ల మధ్య తిప్పేవాడు. చెవి దగ్గర ఆడించి గింజల చప్పుడు వినేవాడు. ఎండకు ఎత్తిపట్టి ఒక కన్ను మూసేవాడు. ఆ తర్వాత, పక్కనే పడక కుర్చీలో కండువాతో విసురుకుంటున్న యజమాని పద్మనాభయ్య వైపు ఒకసారి మర్యాదగా చూసి, తీర్పు చెప్పేవాడు.

“రెండో రకం.”

అంతే. ఆ మాటకు అప్పీలు లేదు.

పద్మనాభయ్యది ఎగుమతి వ్యాపారం. ఇసుక నేలల్లో అరెకరం, ఎకరం మిరప వేసుకునే చిన్న రైతుల దగ్గర కాయలు కొనేవాడు. తొడిమలు తీయించి, మళ్లీ ఎండబెట్టించి, గోతాలకెత్తి మద్రాసు రేవు మీదుగా సిలోనుకు పంపేవాడు. కొలంబోవాళ్లకు కాయ ఎర్రగా నిగనిగలాడాలి. రంగునుబట్టే రకం, రకాన్నిబట్టే ధర.

“రకం నేనే తేలిస్తే రైతులు అనుమానపడతారు. అందుకే దైవభీతి గల మనిషిని పెట్టుకున్నా. ఆదివారం ప్రార్థన మానడు, సోమవారం అబద్ధమాడడు,” అని పద్మనాభయ్య ఊరంతా చెప్పుకునేవాడు.

విచిత్రమేమిటంటే, రెండో రకంగా గోడౌనులోకి పోయిన కాయ వెనక వాకిట్లోంచి బయటికొచ్చేసరికి ఒకటో రకమయ్యేది. దాన్ని పద్మనాభయ్య ‘ప్రాసెసింగు’ అనేవాడు.

ఇంతటి క్రీస్తురాజూ సంతకు పోతే సంచి పట్టుకుని నిలబడేవాడు. టమాటాలు ఏరేది ఆయన భార్య ప్రేమలీలే. “కంపెనీ కన్ను ఇంటిపనికి వాడరులే!” అని జనం నవ్వేవాళ్లు.

అరవై రెండులో మాలకొండమ్మ తొలికోత తెచ్చింది. భర్త పోయాక ఒంటిచేత్తో సేద్యం చేస్తున్న మనిషి. ఇసుకలో తవ్విన దొరువులోంచి కడవలతో నీళ్లు మోసి ఆ తోటను బతికించింది. గోతం విప్పితే కుంకుమ రాశి పోసినట్టుంది.

క్రీస్తురాజు కాయ తీశాడు. తిప్పాడు. ఎండకు పట్టాడు. పద్మనాభయ్య కండువా దులిపి భుజాన వేసుకున్నాడు.

“రెండో రకం.”

“ఏంది నాయనా ఇది!” మాలకొండమ్మ గొంతు లేచింది. “ఇంతకంటే ఎరుపు యాడుంటాది? నీ దేవుని మీద ఒట్టేసి చెప్పు. ఇయి ఎర్రగా లేవా?”

“ఒట్టు పెట్టుకోకూడదమ్మా. వాక్యంలో ఉండాది,” అన్నాడు క్రీస్తురాజు, తల వంచుకుని.

“చూసినారా! నిష్ఠంటే ఇదీ!” అన్నాడు పద్మనాభయ్య చుట్టూ ఉన్నవాళ్లతో.

ఆ ఏడైనా దొరువుకు ఏతం పెట్టించుకుని కడవ దించుదామనుకున్న మాలకొండమ్మ, ఖాళీ గోతం మడిచి చంకన పెట్టుకుని వెళ్లిపోయింది. క్రీస్తురాజు ఆ మధ్యాహ్నం అన్నం కలిపి, తినలేక చెయ్యి కడుక్కున్నాడు.

రెండో కోత నాటికి కొలంబో నుంచి షావుకారు వస్తున్నాడని కబురొచ్చింది. సరుకు ఎలా ఏరుతున్నారో కళ్లారా చూసి బేరం కుదుర్చుకుంటాడట. ఎదురెళ్లి తీసుకొద్దామని పద్మనాభయ్య పూలదండతో నెల్లూరు వెళ్లి కూర్చున్నాడు. షావుకారేమో మద్రాసు నుంచి కారులో గూడూరు మీదుగా తిన్నగా కోటకే వచ్చి దిగాడు.

“అయ్యా రాలే? పర్వాలేదు. మీ పని మీరు చెయ్యండి, నేను పార్క్కిరేన్, అదే, చూస్తాను,” అన్నాడు అరవం కలిసిన తెలుగులో.

వరసలో ముందు మాలకొండమ్మే ఉంది. క్రీస్తురాజు కాయ తీశాడు. తిప్పాడు. ఎండకు పట్టాడు. అలవాటుగా పడక కుర్చీ వైపు చూశాడు. అది ఖాళీ. మాలకొండమ్మ చేతుల్లో కడవ తాడు ఒరిపిడికి కాచిన కాయలు కనిపించాయి.

“ఒకటో రకం,” అన్నాడు.

మాలకొండమ్మ తన చెవులను తానే నమ్మలేదు. “ఇంకోసారి చెప్పు నాయనా!”

“ఒకటో రకమమ్మా.”

షావుకారు గోతంలో చెయ్యిపెట్టి చూసి, తల ఊపి, “ఈ మనిషి చూసిన సరుకే నాకు పంపించాల,” అని గట్టిగా చెప్పి కారెక్కాడు.

ఆ తర్వాత వచ్చిన ప్రతి గోతమూ ఒకటో రకమే. చివరికి హజరత్తయ్య వంతు వచ్చింది. వానకు భయపడి పండకముందే కోసేసిన కాయ అతనిది. “సరిగ్గా చూడన్నా,” అని అతనే జాలిపడి హెచ్చరించాడు.

“ఒకటో రకం,” అన్నాడు క్రీస్తురాజు.

గుమాస్తా ఆ మాట ప్రకారమే అందరికీ ధర కట్టేశాడు.

సాయంత్రం పద్మనాభయ్య వాడిన దండతో తిరిగొచ్చాడు. సంగతి విని గోడౌనులోకి పరుగెత్తాడు. హజరత్తయ్య గోతం కుమ్మరించి గుండె పట్టుకున్నాడు.

“కొంప ముంచినావు గదరా! సగం పచ్చికాయే! నీ కళ్లు పోయినాయా?”

“మీరు కుర్చీలో లేరు, కండువా సైగా లేదు గదయ్యా. తెలిసీ తెలియకుండా ఒకరి నోటికాడ కూడు తీసేదెందుకని అందరికీ మంచిమాటే చెప్పినా,” అన్నాడు క్రీస్తురాజు.

“తెలియకపోవడమేందిరా? ఎరుపేదో పచ్చేదో పసిబిడ్డకు గూడా తెలస్తాదే!”

క్రీస్తురాజు మొదటిసారి ఆయన కళ్లలోకి చూశాడు.

“రైలు డ్రైవరు పనికి పోతే ఎర్రదీపానికీ పచ్చదీపానికీ తేడా తెలీదని డాక్టరు వెనక్కి పంపించిన నన్ను, ‘నాకు కావలసింది ఇట్టాంటి కన్నే’ అని ఏరికోరి తెచ్చుకొనింది మీరే గదయ్యా!”