బసన్న మూడో చావు

"శ్రుతి దిగింది. మళ్లీ పాడు," అన్నాడు నారాయణస్వామి అయ్యవారు, పెన్సిలు కింద పెట్టకుండానే.

మగ్గాల షెడ్డులో కూర్చున్న ఎమ్మిగనూరు నేతగాళ్లంతా ఆయన వైపు తిరిగారు.

తొడ విరిగిన దుర్యోధనుడిగా నేలమీద పడి ఉన్న బసన్న మెల్లగా లేచి కూర్చున్నాడు. అప్పటికి రెండుసార్లు చచ్చాడు. మొదటిసారి పద్యం పాడి చస్తే నేతగాళ్లు "వన్స్ మోర్" అన్నారు. లేచి, పాడి, మళ్లీ చచ్చాడు. ఆ పక్క నాటకాల్లో అది మామూలే. వన్స్ మోర్ వినబడితే పీనుగైనా లేచి పాడాల్సిందే.

"ఆయప్పకు యాభై దాటినాయి అయ్యవారా," అన్నాడు హార్మోనియం ఏసన్న. "మిట్టమధ్యాన్నం, పైన రేకులు. ఇంగ సాలు."

"ఆదోనిలో ఆయనొక్కడికీ విసనకర్ర పట్టుకుని నిలబడతావా?"

ఏసన్న మళ్లీ హార్మోనియం తిత్తి అందుకున్నాడు. అయ్యవారు ఆదోనిలో పిల్లలకు తెలుగు చెబుతాడు, వారపత్రికకు నాటకాల మీద రాస్తాడు. ఆదోని నాటకం కమిటీ తేల్చి చెప్పేసింది. అయ్యవారు ఒక్క మంచి మాట రాసిస్తే దుర్యోధనుడు బసన్న. లేకుంటే ఇరవై ఏళ్లుగా బసన్న కట్టిన వేషం గూడూరు పిల్లగాడిది.

ఆ ఒక్క మాటే గగనం. అయ్యవారు బతికున్న నటుణ్ణి మెచ్చి ఎరగడు. కృష్ణగిరి శంకరన్న గొంతులో ఇసుక ఉందని ఏళ్ల తరబడి రాసి, ఆయన పోయిన వారానికే సీమ కోయిల ఎగిరిపోయిందని రెండు పేజీలు నింపాడు.

"బతికినోళ్ల మీద ఏం పగ సామీ మీకు?" అడిగింది బసన్న పెండ్లాం రుద్రమ్మ.

"పగ కాదమ్మా. పొగిడితే సాధన మానేస్తారు."

"పాడతా లేండి," అన్నాడు బసన్న. ఒకసారి రుద్రమ్మ కేసి చూసి, గద ఎత్తుకున్నాడు.

ఈసారి ఆఖరి పాదం అందుకుని వదల్లేదు. మెడ నరాలు తాళ్లలా లేచాయి. రాగం పైకి, ఇంకా పైకి పోయింది. ఉన్నట్టుండి తెగింది. గద జారి మగ్గం గుంటలోకి దొర్లింది. బసన్న తల నేలకు తగిలింది.

"లేయన్నా," అన్నారెవరో.

లేవలేదు. ఏసన్న హార్మోనియం తోసేసి వచ్చి, ముక్కు దగ్గర వేలు పెట్టి చూశాడు. తలకు చుట్టిన తువ్వాలు తీసి చేతిలో పట్టుకున్నాడు.

రుద్రమ్మ ఉన్నచోటనే కూలబడింది. "సంపితివి కదా సామీ. ఒక్క మంచి మాటకని మూడుతూర్లు పాడినాడు."

అయ్యవారి మొహంలో నెత్తురు లేదు. "నాకు తెలుసమ్మా, ఆయన ఎంతటివాడో నాకు..."

"నాకు సెప్పి ఏం లాభం? రాయి. రాసి ఆయప్ప సెవిలో సదువు. కట్టెల మీదికి పోకముందే."

అయ్యవారు మోకాలి మీద కాగితం పెట్టుకున్నాడు. గబగబా రాశాడు. కింద సంతకం చేసి, బసన్న పక్కన చతికిలబడి చదివాడు.

"గూడూరు నుంచి ఆదోని దాకా ఇలాంటి గొంతు నేను వినలేదు. ఇరవై ఏళ్లు వెనక వరసలో కూర్చుని కళ్లు తుడుచుకున్నాను, ఇంటికి పోయి తప్పులు రాశాను. ఇవాళ శ్రుతి దిగలేదు. దిగిందని నేనే అబద్ధమాడాను. దుర్యోధనుడి వేషానికి బసన్న ఒక్కడే తగినవాడు."

ఏసన్న వంగి, అయ్యవారి చేతిలోని కాగితం మెల్లగా తీసుకుని, మడిచి, జేబులో పెట్టుకున్నాడు.

అప్పుడు నేలమీద నుంచి, శ్రుతి ఇసుమంతైనా దిగకుండా, వినబడింది.

"వన్స్ మోర్, అయ్యవారా."