పాత మోడల్ రోలర్

దేవుడికి ఇచ్చిన మాట చెల్లించకపోతే పాపం ఎవరిది? మొక్కుకున్న మొగుడిదా, గట్టిగా నిలదీయలేని పెళ్లానిదా? ఉమకు ఏళ్ల తరబడి తీరని సందేహం ఇది. ఆ సాయంత్రం క్లబ్బు క్యాబిన్ కిటికీలో సింహాద్రి అప్పన్న పటాన్ని సర్దుతూ మళ్లీ అదే ఆలోచిస్తోంది. ఇంతలో భీమశంకరం తలుపు తోసుకుని వచ్చాడు. చేతిలో తెగిపోయిన బెల్టు వేలాడుతోంది.

"బండి పడుకుంది ఉమా. స్పేర్ బెల్టు కూడా లేదు."

శంకరం వారమంతా రెడ్‌మండ్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తాడు. చలికాలం శనాదివారాల్లో మాత్రం కొండల్లోని ఈ స్కీ క్లబ్బుకు వచ్చేస్తాడు. మంచుమీద నడిచే స్నోమొబైల్ బండి వెనక బరువైన రోలర్ తగిలించి స్కీ దారులు చదును చేస్తాడు. జీతం లేదు, సరదా అంతే. కొత్త మంచును అలా అదిమి, దానిమీద రెండు చాళ్లు తీస్తేనే కాళ్లకు కట్టుకున్న స్కీలు సాఫీగా సాగుతాయి. లేకపోతే మోకాళ్లదాకా కూరుకుపోవడమే.

"మరి రేపు పిల్లల రేసో?"

"అదే చూస్తున్నాను. మధ్యాహ్నం నుంచి కురిసిందంతా రింగు మీదే ఉంది."

రింగు అంటే క్యాబిన్ చుట్టూ తిరిగి వచ్చే చిన్న దారి. చిన్నపిల్లలు దానిమీదే పోటీ పడతారు.

కూతురు దేదీప్య మూతి ముడిచింది. "నాన్నా, ఇట్స్ నాట్ ఫెయిర్! వింటర్ అంతా నేను ప్రాక్టీస్ చేసింది!"

రేసు చూసుకునే జితేందర్ ఫోన్‌లోనే తేల్చేశాడు. "అన్నా, పొద్దుగాల రింగు రెడీ గాకపోతే పోరగాండ్ల రేసు క్యాన్సిలే. మెత్తటి మంచుల దిగబడ్తరు. నన్ను తిట్టుకోకు."

ఫోన్ పెట్టేశాక ఉమ మెల్లిగా అంది. "బెల్టు ఊరికే తెగలేదు."

"ఈ చలికి రబ్బరు పెళుసెక్కుతుంది ఉమా. తెగుతుంది."

"ఆయనకు బాకీ పెట్టుకుంటే అన్నీ తెగుతాయి."

రెండేళ్లు దాటినా దేదీప్య అడుగు వేయలేదప్పట్లో. 'పిల్ల నడిస్తే చాలు స్వామీ' అంటూ మొక్కుకున్నది శంకరమే. నెల తిరక్కుండా పిల్ల పరుగెత్తింది. తండ్రి మాత్రం మొక్కిన చోటే ఆగిపోయాడు. సింహాచలం వెళ్లిన ప్రతిసారీ ఒక వంక. ఒకసారి నడుము నొప్పి, ఒకసారి రద్దీ. కిందటిసారైతే, "అందరూ ఫోన్లెత్తి వీడియోలు తీస్తారు. మా ఆఫీసువాళ్లు చూస్తే?" అన్నాడు.

"స్వామి అంతటా ఉంటాడని నువ్వే అంటావుగా?" అన్నాడు శంకరం ఇప్పుడు.

"ఆయన అంతటా ఉంటాడు. మీరే ఎక్కడా దొరకరు ఆయనకి!"

శంకరం పకపకా నవ్వాడు. ఆ తర్వాత కిటికీలోంచి రింగు కేసి చూస్తూ నిలబడ్డాడు.

తెల్లారి ఉమ లేచేసరికి పక్కన మొగుడు లేడు. స్నానాలగది అప్పటికే తడిగా ఉంది. పని ముగించుకొచ్చి గానీ ఒంటిమీద నీళ్లు పోసుకోని మనిషి! లేస్తూనే కాఫీ అడిగేవాడు ఫ్లాస్కు మూత కూడా తియ్యలేదు. బయట ఇంజన్ చప్పుడు లేదు. ఎవరి బండైనా అడగడానికి వెళ్లాడేమో అనుకుని, తనూ స్నానం చేసి దీపం వెలిగించింది. కళ్లు మూసుకుని స్తోత్రం చదువుతుంటే గోడ అవతల ఏదో మెత్తగా పడుతున్న చప్పుడు. కప్పు మీది మంచు జారుతోందనుకుంది.

మంగళహారతి ఇచ్చేసరికి శంకరం గుమ్మం పట్టుకుని తూలుతూ వచ్చాడు. మీసాల్లో మంచు, చెవుల్లో మంచు, మెడ వెనక కాలర్ నిండా మంచు.

"అయ్యో, ఏమైందండీ! పడ్డారా?"

"పడ్డాననే అనుకో. కాస్త కళ్లు తిరుగుతున్నాయి. ఇప్పుడివ్వు కాఫీ."

"బీపీ మాత్ర వేసుకున్నారా? ముందు ఆ తడిబట్టలు మార్చుకోండి."

"కాసేపు ఉండనీ."

అతను రెండో గుక్క తాగుతుండగానే జితేందర్ ఊడిపడ్డాడు.

"వదినా, రింగు సూసినవా? అద్దం లెక్క జేసిండు అన్న!"

ఉమ కిటికీలోంచి చూసింది. నిన్నటి గుల్ల మంచు చక్కగా అణిగిపోయి ఉంది. దానిమీద శంకరం తన స్కీలతోనే తీసినట్టున్నాడు, రెండు చాళ్లు వంపు తిరుగుతూ మెరుస్తున్నాయి.

"మిషన్ యాడికెల్లి తెచ్చినవ్ అన్నా? మన రోలర్‌కు గింత వెడల్పు రాదు గదా!"

"పాత మోడల్‌లే. మన దేశానిది."

"పెట్రోలా, కరెంటా?"

"రెండూ అక్కర్లేదు."

"గట్లయితే వచ్చే వారం గూడ పట్టుకరా!"

"అమ్మో! ఒక్కసారికే అతి కష్టం మీద ఒప్పుకుంది." శంకరం నడుము నిమురుకున్నాడు.

రేసు మొదలైంది. దేదీప్య ఒక మలుపులో చతికిలబడింది, లేచింది, కిలకిలా నవ్వుతూ జారింది. ఆఖరి నుంచి రెండోదిగా వచ్చి, గెలిచినట్టే చేతులు రెండూ పైకెత్తింది. "అమ్మా, ఐ డిడ్ ఇట్!"

ఉమ కొంగు లేక చలికోటు చేతితోనే కళ్లు ఒత్తుకుంది. బయట బెంచీ మీద ఒళ్లు విరుచుకుంటున్న మొగుడి పక్కన కూర్చుంది.

"చూశారా, ఒకప్పుడు నిలబడలేని పిల్ల! ఎండాకాలం వెళ్లినప్పుడైనా ఆయన బాకీ తీర్చేయండి. ఈసారి వంకలు చెబితే నేనూరుకోను."

"తీర్చేశాను ఉమా."

"ఎప్పుడు?"

"పొద్దున్నే."

ఉమ కిటికీలోని అప్పన్నను చూసింది. ఆయన చుట్టూ గుండ్రంగా తిరిగిన దారిని చూసింది.

శంకరం మొక్కుకున్నది పొర్లుదండాలు.