జారుముడి

"కట్లు విప్పకుర్రి! ఇయ్యాల్నే తీసే రెండో యూట్యూబ్ సినిమాల గూడ గిదే సీను. సార్ మీద కోటు కప్పుర్రి, చాలు!" డైరెక్టర్ సాయినాథ్ అరిచిండు.

గద్వాల మగ్గాల షెడ్డుల కుర్చీకి కట్టేసి ఉన్నడు ఒకప్పటి ఫైటింగుల హీరో ప్రతాపచంద్ర.

"మరి నేను తెంపుకునేది ఎప్పుడయ్యా?"

"అది డూపు చేస్తడు సార్. మీరు మొఖం ఇస్తే చాలు."

ఆయన చేతులు కట్టిన షెడ్డు యజమాని జోగులమ్మే ఆయన మీద కోటు కప్పుకుంట గుసగుసగ చెప్పింది. "చిన్నప్పుడు టాకీసుల చూసిన సార్. ఒక్క గుంజుడుకే తెంపుతుంటిరి. మా నేతోళ్ల ముడి ఏస్తే ఊడదని జారుముడి ఏసిన. జర గుంజుర్రి, అందరు చూడనీ."

ఆయన మెల్లగ గుంజిండు. ముడి నిజంగనే ఊడింది.

"మూడో సినిమాకు నల్లద్దాలు పెట్టుర్రి!" సాయినాథ్ మళ్ల అరిచిండు.

లేచి పోయేది ఎక్కడికి? వేరే సినిమాలకు పిలిచేటోళ్లు లేరాయె. ఊడిన తాడు కిందపడకుండ ప్రతాపచంద్ర వెనక రెండు చేతులతో గట్టిగ పట్టుకున్నడు.