తూము దగ్గర చేపలు

మిన్నెసోటాలో మంచు కరిగింది. గుడ్లు పెట్టడానికి వాగుకు ఎదురీదే పైక్, వాలై చేపల్ని చూడటానికి హెల్మీ ఎప్పటిలాగే తమ్ముడి పొలానికి వచ్చింది.

"ఒరేయ్ ఆర్వో, ఎన్నిరా ఇవి! ఏటా ఇట్టే కనిపించి రోడ్డు కింద తూములోకి మాయమయ్యేవి. ఈసారి మనకోసమే ఆగినట్టున్నాయి!"

"అవునక్కా," అన్నాడు ఆర్వో, చేపలవైపు చూడకుండా.

"నాన్నలాగే నువ్వూ వాగును బాగా చూసుకుంటున్నావురా."

పెద్ద ఆడ పైక్ ఒకటి తూమును ముక్కుతో పొడిచి, వెనక్కి జారి, మళ్ళీ పొడిచింది. అవతలి గడ్డిలో పెట్టాల్సిన గుడ్లు ఇక్కడే రాళ్ళ మీద రాలుతున్నాయి.

కొమ్మలతో నీళ్ళకు అడ్డుకట్టలు కట్టే బీవర్లు దూరి తూము మూసేస్తే పొలం మునుగుతుందని, చలికాలానికి ముందు ఆర్వోనే దానికి ఇనుప జాలీ బిగించాడు. తీయడం మరిచాడు. తూము నీడలో అది అక్కకు కనబడలేదు.

ఆమె యాలకుల రొట్టె పొట్లం విప్పి గట్టున కూర్చుంది.

"తొందరేముందిరా, కూర్చో. ఎక్కడికీ పోవడం లేదుగా అవి."